పెర్సాన్ తీగలు

మార్చి 27, శుక్రవారం, క్లాంగ్, మలేషియా

ఒళ్లు మండిపోతోంది. రమణన్న మీద, అంతకంటే నా మీద.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల కింద సవ్వా అనే చిన్న సీమలో ఎక్కడ చూసినా జాకేర్ అనే తెల్లద్రాక్షే. మాకు వైన్ పంపే పెద్దావిడ మాత్రం పెర్సాన్ అనే పాత నల్లద్రాక్షను నాలుగు వరసలు కాపాడుకుంటోంది. ఆ పెర్సాన్ వైన్ మా గోదాముకు చేరిన రోజే ఇక్కడి తెలుగు సంఘం వాళ్ల ఉగాది భోజనాలు. మా మేనేజరు రమణన్న ఆ తొందరలో సరుకును చల్లగా ఉంచే కంటెయినర్‌కు కరెంటు పెట్టించడం మరిచాడు. రెండు రోజులు ఎండకు ఉడికి, సీసాల బిరడాలు పైకి పొడుచుకొచ్చాయి.

"అక్కణ్ణించే పాడై వచ్చినాదని రాసెయ్ లా," అన్నాడు, ఇక్కడివాళ్ల 'లా' తగిలించి.

"అబద్ధం కదన్నా!"

"ఏటమ్మా, ఆ ముసల్ది ఇక్కడికొచ్చి సూస్తాదా ఏటి? సదువుకున్నావు, బాగా రాస్తావు."

బాగానే రాశాను. ఎదుటివాళ్లు గట్టిగా అంటే చాలు, కళ్లారా చూసినదాని మీద కూడా నాకు అనుమానం వస్తుంది.

ఈ రోజు ఆవిడ జవాబు వచ్చింది. క్షమించమంది! ఆ ద్రాక్ష దూరప్రయాణానికి ఆగదని కూతురు ఎప్పటినుంచో అంటోందట. వచ్చే చలికాలం ఆ నాలుగు వరసలూ పీకించి జాకేర్ వేస్తారట. తిట్టినా బాగుండేది.

రమణన్నకు చూపిస్తే, "సూసినావా, గొడవ సెయ్యకుండా ఒగ్గేసినాది," అని నవ్వాడు.

ఉద్యోగం పోతుందేమో... తెల్లారేదాకా ఆగితే నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. తీగల తప్పేమీ లేదు, తప్పు మాదేనని ఆవిడకు ఇప్పుడే రాస్తాను.