ఈగలు బతికిన సీసా

ఫిబ్రవరి 3, 1949

రాజయ్యపేట పోలమ్మ ఎండు చేపల గంపతో లేబరేటరీ వరండాలో కూర్చుంది. బజారులో సరుకు ఆపేశారు. గంప మీద ఒక్క ఈగైనా వాలడం లేదని ఎవరికో అనుమానం వచ్చిందట. మందు సంగతి తేలేదాకా అమ్మకూడదు. ఆమెకి ఒళ్లు మండిపోతోంది — "ఈగ వాలని సేప మంచిది కాదేటి బాబూ?" ఇళ్లకి దోమల మందు కొట్టగా మిగిలిన తెల్లటి డీడీటీ పొడి... ఆరేసిన చేపల మీద చల్లేశారు. ఊరు ఊరంతా.

తేల్చే పని నా నెత్తిన పడింది. ఎండు చేప ముట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

ఫిబ్రవరి 5

చేపలో డీడీటీ ఎంతుందో కొలిచే సరంజామా లేదు. ఆఫీసరు గారు ఏదో పత్రికలో చదివిన పద్ధతి — చేపని దంచి బెంజీనులో నానబెట్టడం, ఆ రసం సీసా లోపల పూసి ఆరబెట్టడం, ఈగల్ని వదలడం. చస్తే మందు ఉన్నట్టు. అంటే ముందు ఈగల్ని పెంచాలి! వాటికి తవుడు, పాలు.

మా ఆవిడ సీత — "కాఫీకే పాలు చాలక నేనేడుస్తూంటే, ఈగలకా?" నవ్వింది కూడా, పాపం. నూతి దగ్గర స్నానం చేస్తే గాని గుమ్మం ఎక్కనివ్వడం లేదు.

ఫిబ్రవరి 19

ఈగలు పుట్టాయి. ఏమిటో ఈ సంబరం.

ఫిబ్రవరి 21

చేప సీసాలో అన్నీ వెల్లకిలా. పోల్చి చూడ్డానికి పెట్టిన, ఏ చేపా లేని ఉత్త సీసాలోనూ అన్నీ వెల్లకిలా! ఇంకేం తేలినట్టు? తల పట్టుకు కూర్చున్నాను.

ఫిబ్రవరి 22

కారణం దొరికింది. సీసాల మూతికి కట్టిన గుడ్డ మా కిటికీ తెర చింపినది. పోయిన నెల లేబరేటరీకి దోమల మందు కొట్టినప్పుడు ఆ తెరా తడిసింది. ఈగలు పోయి పోయి ఆ గుడ్డ మీదే వాలాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫిబ్రవరి 24

సీత పాత చీర చింపి ఇచ్చింది. ఉత్త సీసాలో ఈగలు హాయిగా తిరుగుతున్నాయి. చేప సీసాలో ఒక్కటీ మిగల్లేదు. నాలుగు నీళ్లలో కడిగిన చేపా అంతే.

కబురు కనుక్కోడానికి వచ్చిన పోలమ్మకి చెప్పాను. "అయితే పారబొయ్యాలా?" పూడ్చిపెట్టమన్నాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొడి చల్లకుండా, ఎత్తుగా పందిరి వేసి, దోమతెర కప్పి ఆరబెట్టి తెమ్మన్నాను.

మార్చి 8

కొత్త గంప వచ్చింది. "ఈగలు ముసిరేత్తన్నాయని బస్సులో అందరూ నన్ను తిట్టేరు బాబూ." మంచి శకునమే!

మార్చి 9

బతికాయి. అన్నీ! ఈగలు చావనందుకు ఇంత మురిసిపోయేవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. అమ్ముకోవచ్చని ఆఫీసరు గారు సంతకం పెట్టారు. పోలమ్మ మొహం వెలిగిపోయింది.

గంప నెత్తికెత్తుకున్నదల్లా మళ్లీ దింపింది.

"మా కోడలు కడుపుతో ఉంది బాబూ. ఆ పొడి సేపే రోజూ తిన్నాది. బిడ్డకేటీ అవదు కదా? పాలల్లోకి దిగుతాదేటి?"

తెలియదన్నాను.

"తెలిసేక సెప్పు. మంచైనా సెడ్డైనా సెప్పు" — బస్సుకి వేళయిందని వెళ్లిపోయింది. ఆ బిడ్డ చల్లగా పుట్టాలి. పొద్దుటి నుంచీ ఉన్న సంతోషం సగం దిగిపోయింది.

మార్చి 10

పాలలో చూడగలమా అని ఆఫీసరు గారిని అడిగాను. ఈ మందు కొవ్వుని పట్టుకుంటుంది, వెన్న తీసి చూడాలి, ఎలాగో తనకీ తెలియదు అన్నారు. మనమే చేద్దామా అన్నాను. వద్దని మాత్రం అనలేదు.

కోడలి కాన్పుకి ఇంకా నెల పైన ఉందట. ముందు ఆవుపాలతో మొదలు పెడతాను.