ఒకే ఫోటోలో ఇద్దరు ఓబులేసులు

కావలి,
ఫిబ్రవరి 1961

పద్మనాభయ్య మాస్టారికి నమస్కరించి రాసేది.

ఉదయగిరి కొండ గుహ మీద నేను రాసిన వ్యాసాన్ని మన కాలేజీ పత్రికకు తీసుకున్నందుకు చాలా సంతోషం. కానీ దానితో ఇచ్చిన ఫోటోలో నా స్నేహితుడు ఓబులేసు రెండుచోట్ల ఉన్నాడని, అది గారడీ అని మీరు పక్కన పెట్టారట. గారడీ కాదండీ.

గుహలో కాటుక చీకటి. స్టూడియో హనీఫా గారు కెమెరా కన్ను తెరిచే ఉంచి, మెగ్నీషియం తీగను ముందు ఎడమవైపు, తర్వాత కుడివైపు వెలిగించారు. వెలుగు పడినచోటే బొమ్మ పడుతుంది. మొదటి తీగ ఆరగానే, ఎడమవైపు నిలబడ్డ మావాడు తడుముకుంటూ కుడివైపుకు నడిచాడు. రెండోది వెలిగేసరికి అక్కడ నిలబడి నవ్వుతున్నాడు!

"కదలబాకరా అంటే ఊరేగతా ఉండావేందిరా!" అని హనీఫా గారు కేకేశారు.

"దీపం ఆరితే అయిపోయిందనుకున్నా గదన్నా!" అన్నాడు వాడు.

ఆ గోడల మెరుపు కోసం నాలుగుసార్లు తిరగరాశాను. నా మాటలకు అందలేదు. ఫోటో లేకపోతే వ్యాసం గుడ్డిదవుతుంది.

ఆదివారం స్టూడియోకు దయచేయండి. చీకటిగదిలో మిమ్మల్ని ఒకే ఫోటోలో ముగ్గురిని చేస్తానని హనీఫా గారు మాటిచ్చారు. ఆ ముగ్గురు మాస్టార్లూ కుదరదంటే అప్పుడు ఊరుకుంటాను.

మీ పి.యు.సి. విద్యార్థి