నీలం వేయని నెల

అక్కకు,

నీ మీద అలిగి ఏడాదిగా ఉత్తరం రాయలేదు. పోయినసారి నువ్వొచ్చినప్పుడు నేను మేడమెట్ల మధ్యలో ఆయాసంతో కూలబడితే "సోమరిపోతు" అని నవ్వావు. ఆ మాట మనసులో పెట్టుకున్నాను. ఆ ఆయాసం సోమరితనం కాదని నాకూ ఇప్పుడే తెలిసింది.

మా అద్దకం షెడ్డులో ఎవరి చేతులు చూసినా ఏదో ఒక రంగే. నా మోచేతుల మీద నీలం మచ్చలు లేస్తే నేనూ రంగే అనుకున్నాను. పీచుతో రుద్దేకొద్దీ కొత్తవి లేచేవి. కాళ్ల మీద సూదిమొనంత ఎర్రచుక్కలు కనబడితే తొట్టి చిందిందనుకున్నాను. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. బ్రష్షు గట్టిదని సరిపెట్టుకున్నాను.

పట్టుకున్నవాడు మా ముసలి మేస్త్రీ. నా చెయ్యి వెలుతురులో తిప్పి చూసి, "ఏమ్మా, ఈ నెలంతా మనం వేస్తున్నది ఎరుపే. నీలం తొట్టి మూతే తియ్యలేదు. నీకీ నీలం ఎక్కడిది?" అన్నాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. "పని తర్వాత. ముందు పోయి రక్తం చూపించుకో" అన్నాడు.

ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టించే కణాలు, మూడూ అడుగంటాయట. ఆ మచ్చలూ చుక్కలూ రంగు కాదు, చర్మం కింద చిమ్మిన రక్తమట. ఎముకల్లోని మూలుగ రక్తం తయారుచేయడం మానేసిందని, దీన్ని అప్లాస్టిక్ అనీమియా అంటారని డాక్టరమ్మ చెప్పింది. తోడబుట్టినవాళ్ల మూలుగ సరిపడితే గట్టెక్కవచ్చట. నాకున్నది నువ్వొక్కదానివే. అలిగిందీ నేనే, అడుగుతున్నదీ నేనే. వస్తావా?

నీ చెల్లెలు

*

అక్కా,

నువ్వు మూలుగ ఇచ్చి వెళ్లి ఏడాది దాటింది. నిన్నటి పరీక్షలో మూడు రకాల కణాలూ సరిగ్గా ఉన్నాయి. "మీ అక్క రక్తంతో పాటు ఆవిడ నోరు కూడా వచ్చింది నీకు" అంటున్నాడు మీ మరిది.

ఈ రోజు షెడ్డుకు వెళ్లాను. మేస్త్రీ తొట్ల దగ్గరికి రానివ్వకుండా మడతల బల్ల ముందు కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి మణికట్టు మీద నీలం మచ్చ కనబడింది. ఎవరితోనూ అనకుండా కుళాయి దగ్గరికి నడిచాను. చూసుంటారు, వెనకే అందరూ వచ్చి నిలబడ్డారు. సబ్బు పెట్టి రుద్దాను. నీళ్లు నీలంగా కారాయి. మచ్చ పోయింది.

మేస్త్రీ వంగి చూసి, "ఇవాళ నీలమే వేస్తున్నాం. చెయ్యి తుడుచుకుని పని చూడు, సోమరిపోతులా నిలబడక" అన్నాడు.

ఆ మాటకు ఈసారి నవ్వింది నేను. ఇంటికొచ్చి, మేడమెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కి, పైన కూర్చుని ఇది రాస్తున్నాను.

నీ సోమరిపోతు