పది గంటల బ్యాచి

మంచిర్యాల,
సెప్టెంబరు 14, ఆదివారం.

చి.ల.సౌ. స్పందనకు,

మీ అత్తమ్మ పక్కనే కూర్చుని, "ముందుగాల అందరం మంచిగున్నమని రాయిరా, లేకుంటే పిల్ల పరేషానైతది" అంటోంది. అందుకని ముందు అదే రాస్తున్నాను. అమ్మ, నేను, హర్షిణి ముగ్గురం బాగున్నాం. పిల్ల దగ్గు పూర్తిగా తగ్గింది. ముందు పన్ను ఊడింది. నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచి, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. వంటింట్లో ఇంకా కారుతోందా అని అడిగావు కదా, మొన్ననే కొత్త రేకు వేయించాను. మీ బడి హాస్టల్లో పిల్లల జ్వరాలు తగ్గాయా? నువ్వు మాత్రం నీళ్లు కాచుకునే తాగు. జైనూర్ సంతలో దుప్పటి కొనుక్కున్నావో లేదో రాయలేదు. గుట్టల మీద చలి ముందే మొదలవుతుంది.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. సొంత జిమ్ము పెట్టుకుని బతకగలమా, లేదా? దసరాకల్లా తేల్చుకుందామని, కుదరకపోతే మిషన్లు అమ్మేసి నేను ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలని అనుకున్నాం. మీ బడి దగ్గర ఫోను అందేది ఆ ఒక్క గుట్ట మీదే. అక్కడ నిలబడి "లాభమా, నష్టమా, ఒక్క ముక్కలో చెప్పు" అంటావు. ఒక్క ముక్కలో చెప్పడం చేతకాకనే ఇది రాస్తున్నాను.

ముందు నష్టం సంగతి చెబుతాను. ఫిబ్రవరిలో బస్టాండు దగ్గర ఆ పెద్ద ఏసీ జిమ్ము తెరిచాక, రెండు నెలల్లో నా ఎనభై మందిలో సగం మంది అటు పోయారు. మిగిలింది కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే కుర్రాళ్లు. వాళ్లు తెల్లవారగానే వస్తారు, మళ్లీ సాయంత్రం వస్తారు. పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా హాలు ఖాళీ. అద్దె మాత్రం ఆ గంటలకూ కట్టాల్సిందే. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లంతా ఒక మాట చెబుతారు: డబ్బు కట్టి రానివాళ్లే మన లాభం. మిషన్ అరగదు, కరెంటు కాలదు. నేనూ అదే నమ్మాను.

అలా కట్టి రానివాళ్లలో మొండయ్య ఒకడు. శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయి పని, యాభై ఏడేళ్లు. జనవరి ఒకటిన వచ్చి, "రిటైరయ్యేలోపు గీ పొట్ట దిగాలె సారూ" అని నవ్వుతూ ఏడాది రుసుము ఒకేసారి కట్టాడు. అలా కట్టినవాడు అతనొక్కడే. పదకొండు రోజులు వచ్చి మానేశాడు. నేను పట్టించుకోలేదు.

ఏప్రిల్ మధ్యలో అతని క్వార్టరుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో తర్వాత చెబుతాను. పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. మాట ముద్దగా వస్తోంది. నన్ను చూసి చాలాసేపు పెదవులు కూడదీసుకుని, "నా నెలలు... ఇంకెన్ని ఉన్నయ్?" అన్నాడు.

అతని భార్య భూమవ్వ ఆ మాట వినగానే కొంగు నోట్లో కుక్కుకుంది. అతను విసుగ్గా తల ఊపాడు. "జిమ్ముల... జిమ్ముల."

"ఎనిమిదిన్నర నెలలున్నయి మామా" అన్నాను.

"గైతే తోల్కపో."

నాకు భయమేసింది స్పందనా. కండలు పెంచడం నేర్పేవాణ్ణి గానీ వైద్యుణ్ణి కాదు. అతనికి చికిత్స చేసిన ఆసుపత్రికి వెళ్లి, ఫిజియోథెరపీ చేయించే పద్మలత మేడమ్‌ను బతిమాలి తీసుకొచ్చాను. ఆమె హాలంతా తిరిగి చూసి, "వీటిల సగం మిషన్లు నీకు పనికిరావు. గా తాడు, గోడకున్న కడ్డీ, గీ అద్దం చాలు. నేను చెప్పిందే చెయ్యి, నీ సొంత తెలివి పెట్టకు" అంది. పెట్టలేదు.

టైర్ల దుకాణం మీది అంతస్తు మనది, అద్దె తక్కువని తీసుకున్నాం. పంతొమ్మిది మెట్లు. మొదటి రోజు నలుగురు కుర్రాళ్లు అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. నలుగురిలో సిగ్గుగా ఉందని అతనంటే, హాలు ఖాళీగా ఉండే పది గంటలకు రమ్మన్నాను.

కప్పీ మీదుగా లాగే ఆ తాడుకున్న బరువులన్నీ తీసేసి, ఒట్టి పిడిని అతని కుడి చేతిలో పెట్టి, వేళ్లు మూసి, పైన నా చెయ్యి వేసేవాణ్ణి. అతను అద్దంలో తన చేతినే చూసేవాడు. రోజూ గంటసేపు. చెయ్యి కదిలేది కాదు. కానీ చెమట కారి బనియను తడిసిపోయేది. నూట యాభై కిలోలు ఎత్తేవాళ్లను చూశాను నేను. ఏమీ కదలకుండా ఒక మనిషి అంత కష్టపడటం ఎన్నడూ చూడలేదు. నలభై రెండు రోజులు అలాగే గడిచాయి. పదో రోజుకే నేను లోపల ఆశ వదిలేశాను. అతను వదల్లేదు.

నలభై మూడో రోజు బొటనవేలు కదిలింది. బియ్యపు గింజంత. నా చెయ్యే వణికిందేమో అనుకున్నాను. మూలన కూర్చున్న భూమవ్వ లేచి వచ్చింది. నా చేతిని పక్కకు తీసి, "మళ్లొక్కపారి" అంది. మళ్లీ కదిలింది.

ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బొమ్మ గీసి చెప్పగలను. ఆ వేలికి కదలమన్న కబురు ఏ దారిన, ఎవరు మోసుకెళ్లారో మాత్రం నాకు తెలియదు. వరండాలోకి వెళ్లి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉండి, మనిషి ఒంటిని అప్పుడే మొదటిసారి చూసినట్టనిపించింది.

ఆగస్టు మొదట్లో ఒకరోజు కిందినుంచి కేక. "గియ్యాల కుర్సీ వద్దు!" మొండయ్య ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. టైర్ల దుకాణం వాళ్లు పని ఆపేసి వచ్చారు. కుర్చీ మోసే కుర్రాళ్లు వెనక చేతులు చాచి, ముట్టుకోకుండా నిలబడ్డారు. కుడి కాలిని నడుముతో విసిరి పైకి తెచ్చుకోవడం, మడమ ఆనిందో లేదో చూసుకోవడం, అప్పుడు ఒళ్లంతా దానిమీద వేయడం. పదమూడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. అయిపోయిందనుకుని నేను రెండు మెట్లు దిగాను. "నువ్వు ఆడ్నే ఉండు బిడ్డా. బాయిల గింతకన్న మస్తు ఎక్కిన" అన్నాడు. అన్నీ ఎక్కేసరికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. నేరుగా అద్దం ముందుకు వెళ్లి, కుడి చేత్తో అంగీ కాలరు సర్దుకున్నాడు.

ఆ కబురు క్వార్టర్లన్నీ తిరిగింది. ఇప్పుడు పది గంటల బ్యాచిలో పదిహేడు మంది ఉన్నారు. రిటైరైనవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, నడుం పట్టేసిన ఆడవాళ్లు. పద్మలత మేడమ్ వారానికి రెండు రోజులు వస్తోంది, ఆమెకూ డబ్బులిస్తున్నాను. వీళ్లు ఒక్క రోజు కూడా మానరు. ఏసీ అడగరు, పాటలు తగ్గించమని మాత్రం అడుగుతారు. ఆగస్టులో అద్దె, కరెంటు, మిషన్ల కిస్తీ అన్నీ పోను పదకొండు వేలు మిగిలాయి. నీ జీతం ముందు అది చిన్నదే. కానీ కిందటి నెల ఇంటి ఖర్చుకు నిన్ను అడగలేదు, గమనించావా? పెద్ద లాభం వస్తుందని చెప్పను. నిలబడుతుందని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు ఇంతదాకా దాచింది రాస్తాను.

మార్చి చివర్లో భూమవ్వ ఒక్కతే జిమ్ముకు వచ్చింది. రసీదు నా ముందు పెట్టి, "ఆయినకు కాలు చెయ్యి పడిపోయినయ్ సారూ. మిగిలిన నెలల పైసలిస్తే మందులకైతయ్" అంది. ఆ రోజు నేను అద్దె కట్టాలి. రసీదు అడుగున ఉన్న అచ్చు చూపించాను. ఆమెకు చదువు రాదు. "ఏం రాసిండ్రో జర సదువు బిడ్డా" అంది. కట్టిన రుసుము తిరిగి ఇవ్వబడదు. నా నోటితోనే చదివి వినిపించాను. ఆమె కోప్పడలేదు. రసీదును మడిచి కొంగున కట్టుకుని, గోడ పట్టుకుని దిగిపోయింది. నేను పాటల చప్పుడు పెంచాను. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి ఏంటి విశేషాలంటే, ఏమీ లేవన్నాను.

రెండు వారాలు తిన్నది ఒంటపట్టలేదు. ఏప్రిల్లో వాళ్లింటికి వెళ్లింది ఆ డబ్బు ఇవ్వడానికే. ఆమె చేతిలో పెట్టాను. అదేమిటని మొండయ్య అడగలేదు, ఆమె చెప్పలేదు. తప్పయిందన్న మాట మాత్రం నా నోరు దాటలేదు. మొన్న గురువారం, మొండయ్య తాడు లాగుతుండగా, భూమవ్వ పక్కన కూర్చుని అయిదు నెలల తర్వాత ఆ మాట అన్నాను.

ఆమె భర్త వైపే చూస్తూ, "గా దినమే ఇచ్చి ఉంటె నువ్వు మా ఇంటికి రాకపోదువు, మేం గీడికి రాకపోదుం" అంది. నా గుండె తేలికపడబోయింది. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "కానీ గా దినం దిగుతుంటె, ఒక్కో మెట్టు ఒక్కో బండ లెక్కుండె బిడ్డా" అంది. గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. లేచి వెళ్లి భర్త మెడ మీది చెమట తుడిచింది.

కొత్త రసీదులు ఆ వాక్యం లేకుండా అచ్చు వేయించాను. జిమ్ము మూయకూడదని నాకుంది. మొండయ్య మెట్లెక్కిన సంగతి ఒక్కటే రాసి ఉంటే నువ్వు వెంటనే సరేననేదానివి. అలా సరే అనిపించుకోవడం ఇష్టం లేక రెండోదీ రాశాను. రెండూ చదివి, నీకు ఏమనిపిస్తే అది రాయి. మందలించినా రాయి.

ఇట్లు,
నీ జాబు ఏ బస్సులో వస్తుందా అని చూస్తుండే
హర్షిణి బాపు,
విజయేందర్