తోఫుకు పెట్టిన గుడ్డు

నవంబరు 16
మా తెల్లపాము తోఫుకు ఈ ఏడాది ఆఖరి ఎలుక పెట్టాను. ఫ్రీజర్‌లోంచి తీసి, గోరువెచ్చని నీళ్ళలో కరిగించి ఇస్తే తృప్తిగా మింగింది. ఇక మార్చి దాకా పస్తే. పొట్ట పూర్తిగా ఖాళీ అయ్యాకే చల్లటి గదిలో చలికాలపు నిద్రకు పడుకోబెట్టాలి. లోపల తిండి ఉండగా చలి తగిలితే అరగదు, కుళ్ళిపోతుంది. పాము బతకదు.

అత్తయ్యకు ఇది బొత్తిగా నచ్చలేదు. తెల్లపామంటే బెంతెన్ అమ్మవారి బంటు, దాన్ని మాడుస్తావా సవాకో, నువ్వో నాలుగు పూటలు అన్నం మానేస్తే తెలుస్తుంది అంది.

డిసెంబరు 12
హీటర్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చి, ఈరోజు బాక్స్‌ని మెట్ల కింది గదిలోకి మార్చాను. నీళ్ళ గిన్నె, చీకటి, థర్మామీటర్. నగానో చలికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. మా ఆయన తొంగి చూసి, దీని పనే బాగుంది, మార్చి దాకా ఆఫీసు లేదు అన్నారు.

డిసెంబరు 20
అత్తయ్య ఆ గది దగ్గర తచ్చాడుతోంది. దానికి చలేస్తోందేమోనట.

జనవరి 1, మధ్యాహ్నం
పొద్దున బియ్యపు ముద్దలేసిన మోచి సూపు తాగి, అందరం హీటరు బల్ల దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని హాయిగా కూర్చున్నాం. రెండు గుక్కల సాకే సారా పడ్డాక అత్తయ్య చెప్పింది, పండగకి పస్తుంచలేక రాత్రి తోఫు ముందు కౌజుపిట్ట గుడ్డు పెట్టానని. పరుగెత్తాను. గుడ్డు లేదు.

ఎందుకు పెట్టారని అరిచేశాను. ఆవిడ మీద గొంతెత్తడం ఇదే మొదలు. అమ్మవారి బంటుకి పెట్టడమూ తప్పేనా అని ముఖం తిప్పుకుంది.

బాక్స్ తెచ్చి హీటర్ వేశాను. డాక్టరుకు పండగ సెలవు. పొట్ట తడిమితే ఏదో గట్టిగా తగిలినట్టే ఉంది. ఇంత భయంలో వేళ్ళకు గుడ్డు ఎక్కడైనా తగులుతుంది. చిటికెన వేలంత ఉన్నప్పుడు తెచ్చి పెంచాను. ఇది పోతే తట్టుకోలేను.

జనవరి 2
తోఫు ఏమీ కక్కలేదు.

జనవరి 3
భోజనాల దగ్గర ఆయన, ఇంతకీ ఆ గుడ్డు దానికి అరుగుతుందా అన్నారు. అత్తయ్య చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. అది తినడమేమిట్రా, నైవేద్యం తెల్లారాక దించి మనం తినొద్దూ అంది.

దించిందీ ఆవిడే. శుభ్రంగా కడిగి, ఉడికించి, నా మోచి సూపులో వేసింది. ఇంటెడు చాకిరీ చేస్తావని నీకే వేశాను, బాగుందని ఒక్క మాటన్నావా అంది. మరి ఆ రోజే చెప్పొచ్చుగా అంటే, ఎందుకు పెట్టారనే అడిగావు గానీ ఎవరు తిన్నారని అడిగావా అంది.

ఆయన నవ్వి నవ్వి పొలమారారు. నేను తల చాపకు ఆనించి క్షమించమన్నాను. పుట్టినప్పటి నుంచీ దించిన నైవేద్యాలు తిన్నదాన్నే, ఆ సంగతే తట్టలేదు.

జనవరి 12
తోఫు మళ్ళీ చల్లగదిలోకి. థర్మామీటర్ చూసే పని అత్తయ్యకు అప్పగించాను. నాకంటే ఎక్కువసార్లు చూస్తోంది.

మార్చి 14
తోఫు లేచింది. వెచ్చబడి, నీళ్ళు తాగి, నాలుక ఆడిస్తోంది. మొదటి ఎలుక చిన్నదే ఉండాలి. తనే పెడతానంది అత్తయ్య. పటకారుతో లోపల పెట్టి, రెండుసార్లు చప్పట్లు చరిచి దండం పెట్టింది. తోఫు కదల్లేదు. చాలాసేపు చూశాం.

అత్తయ్య నావైపు తిరిగి, పొద్దున్నే దించనా అంది.

మార్చి 15
తోఫు మాకు ప్రసాదం మిగల్చలేదు.