నత్తితోనే ఆ డైలాగు

శుక్రవారం, మంచిర్యాల

రిహార్సల్‌లో 'భూమి' అనే మాట దగ్గర ఈరోజు కూడా నత్తి అడ్డం పడింది. నాటకంలో నాది భూమి పోగొట్టుకున్న రైతు భార్య వేషం. అందరూ ఆగి నా వంక చూశారు. డైరెక్టర్ రాజన్న దగ్గరికొచ్చి, "ఫికర్ చెయ్యకు సుజాతా. గా డైలాగు వేరేవాళ్లతోని చెప్పిస్త. నువ్వు పక్కన నిలబడి ఏడిస్తే చాలు" అన్నాడు.

బడిలో చదివేటప్పటి నుంచీ నా మాటలు ఎవరో ఒకరు పూర్తి చేస్తూనే ఉన్నారు.

"వద్దన్నా, నేనే చెప్త. నత్తి వస్తే రానియ్యి. భూమి పోయినామె గడగడ మాట్లాడుతదా?" అన్నాను. అది చెప్పేటప్పుడు కూడా మధ్యలో ఆగిపోయాను. ఈసారి మాత్రం ఎవరూ మాట అందించలేదు.

రాజన్న తన చోటికి తిరిగి వెళ్లి, "సరే, మళ్ల మొదటికెళ్లి చెప్పు" అన్నాడు.

ఆదివారమే ప్రదర్శన. హాల్లో ఎవరైనా నవ్వుతారేమో. నవ్వితే ఆగుతాను. వాళ్ల నవ్వు అయిపోయాక నా మాట పూర్తి చేస్తాను.