బండి రాదని చెప్పే గొంతు

ప్రియమైన అక్కా,

ఫోన్ చేస్తే, నువ్వు స్టేషన్ మైకులో రైళ్ల రాకపోకలు చెప్పే గొంతుతోనే "బాగానే ఉన్నానే" అంటావు. నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ ఉత్తరం.

బరువు తగ్గించే ఆపరేషన్‌కి ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారట. దొంగచాటుగా తింటాననీ, ఏడుస్తాననీ వాగావో, ఆపరేషన్ గోవిందా! జవాబులు రాసి పంపుతున్నాను. బట్టీ కొట్టు. ఈ అవకాశం పాడు చేసుకుంటే జన్మలో నీ పక్కన ఫోటో దిగను.

నీ మంచి కోరే
చెల్లి


ప్రియమైన చీపురుపుల్లా,

"నాకు జీవితమంటే ఎంతో ఇష్టం" అనా నువ్వు రాసిన జవాబు? ఛీ! సబ్బుల ప్రకటనలు రాసేవాళ్లు కూడా సిగ్గుపడతారే.

ఆసుపత్రివాళ్లూ నీకు తగ్గవాళ్లే. లావుపాటి మనుషుల కోసమే పెట్టిన గదిలో చేతుల కుర్చీలు వేశారు, మహానుభావులు! నేను లేస్తే కుర్చీ కూడా లేచింది. గోడ మీద బొమ్మలో, సన్నబడినావిడ పాత ప్యాంటు ఒక కాల్లో రెండు కాళ్లూ దూర్చి ఇకిలిస్తోంది.

గురువారం రమ్మన్నారు. బట్టీ కొడుతున్నాలే. ఈ ఆపరేషన్ నాకు కావాలి. నీ ఫోటో కోసం మాత్రం కాదు.

నీ లావు అక్క


అక్కా,

గురువారం దాటి వారమైంది. ఫోన్ ఎత్తవు. నోరు జారావు కదూ? ఒక్క పనీ సవ్యంగా చేసి చావవు! స్టేషన్‌లో వేరే ఎవరిదో గొంతు వినిపిస్తోందని మీ మరిది అంటున్నారు. ఏమైందే?

చెల్లి


ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం పక్కింటావిడ ఆసుపత్రికి తెచ్చిచ్చింది. అవును, ఇక్కడే ఉన్నాను.

నీ జవాబులన్నీ తడబడకుండా అప్పజెప్పాను. డాక్టర్ చొక్కా మీద కాఫీ మరక. వీడా నా మనసు చూసేది అనుకున్నాను. అంతా విని అన్నాడు కదా, "అమ్మా, నేను రోజూ మీ స్టేషన్‌లోనే ఎక్కుతాను. బండి రాదని చెప్పేటప్పుడు మీ గొంతు సరిగ్గా ఇలాగే ఉంటుంది."

ఆ ఆపరేషన్ నేను కోరింది సన్నబడటానికి కాదే. మత్తిచ్చాక లేవకపోతే, నువ్వు డాక్టర్లను తిడతావు గానీ నన్ను తిట్టవు కదా అని. అదే చెప్పేశాను. ముక్కు కారేలా ఏడ్చాను. అప్పుడే చేర్చుకున్నారు.

ఆపరేషన్ గోవిందా కాలేదు. బతకాలనిపించాక చేద్దామన్నాడు. మందులు వేసుకుంటున్నాను. తోడెవరైనా ఉంటేనే ఇంటికి పంపుతారట. నీ పేరే చెప్పాను. ఇంకెవరున్నారు నాకు, నా ఖర్మ!

మంచం పక్కన మళ్లీ చేతుల కుర్చీయే వేశారు, తెలివితక్కువవాళ్లు. అందులో నువ్వయితేనే పడతావు. ఈసారి జవాబులు పంపకు. నువ్వే రా.

నీ అక్క